మల్లవరప్పాడుకు సముద్రం మంజూరు

మాది గాలం సంఘమని ఫోనులో నేను మూడుసార్లు చెప్పాను. అవతలి గుమాస్తా మూడుసార్లూ గళం సంఘమనే విన్నాడు. ఫలితంగా, కాలువలో చేపల్ని కాపాడమని మేము పెట్టుకున్న అర్జీ సాంస్కృతిక శాఖకు వెళ్ళింది. వారం తిరక్కుండా ఒక సంగీతం మాస్టారు శ్రుతిపెట్టె చంకన పెట్టుకుని మా ఊరి లాకుల దగ్గర బస్సు దిగారు.

గట్టు మీద బారుగా కూర్చున్న మమ్మల్ని చూసి ఆయన ముచ్చటపడ్డారు. "అందరూ కలిసి ఒక్కసారి 'పా' పట్టండి" అన్నారు.

"చేపే పట్టలేక చస్తుంటే 'పా' ఎక్కణ్ణించి పట్టమంటారండీ?" అన్నారు మా అధ్యక్షులు కడలి కోదండం గారు.

మాస్టారు ఆ గొంతు విని, ఇందులో కాపాడవలసినదేమీ లేదని రాసుకుని వచ్చిన బస్సులోనే వెళ్ళిపోయారు. గళం గొడవ అంతటితో తీరింది. అర్జీ నాలుగు బల్లలు తిరిగి, చేరవలసిన శాఖకే చేరింది. అసలు ప్రమాదం అది సరైన చోటికి చేరాకే మొదలైంది.

మల్లవరప్పాడు డెల్టా నడుమ, పంటకాలువ గట్టున ఉన్న చిన్న పట్నం. సముద్రం మాకు డెబ్భై కిలోమీటర్ల దూరం. పెళ్ళయిన కొత్తలో ఒకసారి వెళ్ళి చూసొస్తాం, అంతే. ఆదివారం ఉదయం లాకుల పక్కన గాలాలు వేసుక్కూర్చోవడం మా ఊరి మగవాళ్ళకు తాతలనాటి సరదా. ఆ సరదాకు పెట్టుకున్న పెద్ద పేరే గాలాభిమాన సంఘం. నేను శాకాహారిని. చేప పట్టను, తినను, ముట్టను. అక్కడ నీడ బాగుంటుందని వెళ్ళి కూర్చుంటే, చేతిరాత కుదురుగా ఉందని కార్యదర్శిని చేశారు.

మూడేళ్ళ క్రితం, మంచినీళ్ళ పంపుకు దిగువన, మా లాకులకు ఎగువన ఒక అట్టల ఫ్యాక్టరీ వెలిసింది. దాని గొట్టంలోంచి టీ రంగు నీళ్ళు కాలువలోకి దూకడం మొదలైంది. మొదట బొచ్చెలు పోయాయి. తర్వాత కొర్రమీను పోయింది. చివరికి దేనికీ చలించని జెల్లలు కూడా మనకిక్కడ చెల్లదని చెల్లుచీటీ తీసుకున్నాయి.

అయితే మా ఊళ్ళో ఒక కట్టుబాటుంది. ఆదివారం గాలం భుజాన వేసుకుని వెళ్ళిన మగవాడు ఉత్త చేతులతో గుమ్మం తొక్కకూడదు. అందుకని కోదండం గారు మొదలు సభ్యులంతా చేపల బజారు మీదుగా ఇళ్ళకు వెళ్ళడం మొదలుపెట్టారు. చెరువు చేపల్ని తెల్లారకముందే హోటళ్ళవాళ్ళు ఎత్తుకుపోయేవారు. మిగిలేవి రేవు నుంచి ఐసుపెట్టెల్లో వచ్చిన సముద్రపు చేపలు. వీళ్ళు అవే కొని, ఐసు దులిపి, కొక్కేనికి తగిలించుకుని ఠీవిగా ఇంటికి చేరేవారు. గాలానికి చేప పడకపోతేనేం, చేపకు గాలం పడేది.

ఆడవాళ్ళు ఒక్క మాట అనలేదు. అది తమ తెలివేనని మగవాళ్ళు అనుకున్నారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ప్రభుత్వానికి సరదా చేపలవేట మీద మోజు పుట్టింది. జలమార్గాలను కాపాడి పౌరుల చేత హాయిగా గాలాలు వేయించాలని ఒక విధానం తెచ్చారు. ఆ విధానానికొక విభాగం, ఆ విభాగానికొక జీపు, ఆ జీపులో ఉపసంచాలకులు మీనాక్షయ్య గారు. పేరులో మీనం ఉందని ఆయన్ని ఆ కుర్చీలో వేశారట. అధికారులు మీనమేషాలు లెక్కపెడతారని ఇన్నాళ్ళూ వినడమే. ఈయన మేషాలు వదిలేసి నేరుగా మీనాలే లెక్కపెడతానని మా ఊరొచ్చారు.

కోదండం గారు ఆయన్ని గొట్టం దగ్గరికి తీసుకెళ్ళారు. "ఇవిగోనండి ఆ నీళ్ళు. ఇవి పడ్డ కాణ్ణించీ చేప తోక కూడా చూళ్ళేదండి, ఒట్టు. ఈ గొట్టం మూయించండి చాలు, మా కాలవ మాకొచ్చేస్తుంది."

"కోదండం గారూ, ఆవేశం అర్జీదారుని లక్షణం. ఆధారం శాఖ లక్షణం" అన్నారు మీనాక్షయ్య గారు. "మా విధాన పత్రం ప్రకారం జలము యొక్క ఆరోగ్యము అందలి చేపలను బట్టి నిర్ధారించబడును. ఎన్ని చేపలు పడినవో పట్టినవారిని అడగరాదు. అతిశయోక్తికి ఆస్కారం కలదు. వండినవారిని అడగవలెను."

కోదండం గారి మొహం గొట్టం నీళ్ళ రంగుకు తిరిగింది.

సర్వే కోదండం గారింటి నుంచే మొదలైంది. ఆయన భార్య వీరవేణి గారు ఉపసంచాలకుల వారికి కుర్చీ వేసి, మజ్జిగ ఇచ్చి, తలుపు పక్కన నిలబడ్డారు.

"అమ్మా, తమ భర్తగారు కాలువకు వెళ్ళిన దినములలో చేపలు తెచ్చుట కలదా?"

"కలదేంటండీ బాబూ, ఒక్క ఆదివారం తప్పితే ఒట్టు. గాలానికి తగిలించుకుని మరీ తెస్తారండి, ఆయ్."

"ఏయే రకములు?"

"చందువాలండి. వంజరం అండి. మొన్నామధ్య కానాగంతలు. పులుసెట్టేశాను."

గుమ్మం అవతల కోదండం గారు పొలమారినట్టు దగ్గారు.

"ఏంటండీ ఆ దగ్గు? పొద్దుటే కాలవ గాలి పీల్చకండంటే వింటారా" అన్నారు వీరవేణి గారు.

పక్కిల్లు బట్టల కొట్టు ధర్మారావుది. గోడవతల అంతా విన్న అతని భార్య రత్నావతి ఇంటి పరువు తగ్గనిస్తుందా? "వాళ్ళాయన చందువా తెస్తే మా ఆయన సొర తెచ్చారండి. ఇంత సొర!" అని రెండు చేతులూ బార్లా చాచింది. ఆవిడ చెబుతున్నది సొర కోసిన సంగతో, సొరకాయలు కోస్తున్న సంగతో నాకైతే బోధపడలేదు. మీనాక్షయ్య గారు మాత్రం టేపు తీసి ఆవిడ చేతుల మధ్య దూరం కొలిచి రాసుకున్నారు.

పదిహేను రోజులకు జవాబొచ్చింది. అది గట్టు మీద అందరికీ చదివి వినిపించే భాగ్యం కార్యదర్శిగా నాకే దక్కింది.

"అర్జీని క్షుణ్ణముగా పరిశీలించడమైనది. సదరు కాలువలో చేపలు లేవన్న ఆరోపణ నిరాధారము. చేపలు పుష్కలముగా కలవు. అంతేగాక, సర్వేలో వెల్లడైన చందువా, వంజరము, సొర మున్నగునవి సముద్రమునందు మాత్రమే జీవించునని నిపుణుల అభిప్రాయము. కావున సదరు జలము సముద్రమని ఇందుమూలముగా నిర్ధారించడమైనది."

ఉత్తరం ముగిసేసరికి జీపు కూడా వచ్చి ఆగింది. కోదండం గారు రేవులోకి దిగి, దోసిట్లో నీళ్ళు పట్టి, నాలిక్కి రాసుకున్నారు. "చూడండి సార్! ఉప్పుందాండి ఇందులో? చక్కెర వెయ్యని టీలాగుంది."

"రుచి వ్యక్తిగతము. సర్వే అధికారికము."

"పోనీ నీళ్ళు పరీక్ష చేయించండి."

"నీటిని పరీక్షించుట వేరొక శాఖ. మాది చేపల శాఖ. చేపలు పొరపాటు పడవు కోదండం గారూ. ఏ నీటిలో ఉండవలెనో వాటికి తెలియును."

మర్నాడే లాకుల దగ్గర నీలం రంగు బోర్డు లేచింది. 'మల్లవరప్పాడు సాగరతీరం. లోతు తెలియక దిగరాదు.' ఆ బోర్డు పాతడానికి కూలీలు మోకాలి లోతు నీళ్ళలో నిలబడ్డారు. ఆ సాయంత్రం ఈల మెడలో వేసుకుని ఒక రక్షక ఉద్యోగి దిగాడు. బట్టలుతికే ఆడవాళ్ళు మునగకుండా ఈల, మునిగితే మరో ఈల. గేదెల్ని కడగడానికి తెచ్చినవాళ్ళను, ఈ పశువులకు ఈత వచ్చినట్టు ధ్రువపత్రముందా అని అడిగాడు. గేదె అతని వంక చూసిన చూపులో సమాధానముంది గాని, రాతపూర్వకంగా లేదు.

మా కాలువకు లస్కరు ఉన్నాడు. పొద్దున లాకు తలుపులెత్తుతాడు, సాయంత్రం దించుతాడు. నీళ్ళు పొద్దున పెరుగుతాయి, సాయంత్రం తగ్గుతాయి. విభాగం వారు దీన్ని గమనించి, క్రమం తప్పని ఆటుపోట్లని నమోదు చేసి, లస్కరును పోటు పర్యవేక్షకుడిగా గుర్తించారు. జీతం పెంచలేదు. ఎక్కడో బంగాళాఖాతంలో వాయుగుండం పుడితే మా లాకు స్తంభానికి ఒకటో నంబరు ప్రమాద సూచిక ఎగిరింది. ఆ రోజు సముద్రంలో వేటకు వెళ్ళరాదని హెచ్చరించి, మా సంఘం గాలాలన్నీ పట్టుకుపోయారు. మూడేళ్ళలో మొదటిసారి ఆ గట్టున ఏదో పట్టారని సంతోషించాల్సింది మేమే.

ఇంతవరకూ ఊరు నవ్వుకుంది. తర్వాత నవ్వడానికి గొంతులో తడి లేకుండా పోయింది.

సముద్రపు నీరు తాగుటకు పనికిరాదని మంచినీళ్ళ పంపుకు లక్క సీలు వేశారు. ఉప్పునీరు పొలాల్లోకి పోతే నేల చవుడుబారుతుందని పంటబోదెల తూములకు తాళాలు పడ్డాయి. నారుమళ్ళు పోసి పది రోజులైంది. ఆకు అంచులు ఎర్రబడుతున్నాయి. కోదండం గారి ఎకరం నారు కూడా అందులోదే. వీరవేణి గారు రోజూ బిందెలు పట్టుకుని ట్యాంకరు కోసం మెయిన్ రోడ్డు దాకా నడుస్తున్నారు. ఊరికి తీరమొచ్చింది గాని ఒక్క కష్టమూ తీరలేదు.

ఊళ్ళో ఒక్కరికే సముద్రం కలిసొచ్చింది. అట్టల ఫ్యాక్టరీ గొట్టానికి అంతవరకూ ఏ అనుమతీ లేదు. ఇప్పుడు వాళ్ళు దరఖాస్తు పెట్టుకున్నారు. 'అనంతమైన సాగరమునందు సదరు గొట్టపు నీరు చెంచాడు పాటి' అని విభాగం వారు సంతోషంగా అనుమతి ఇచ్చేశారు. ఏ గొట్టం మూయమని అర్జీ పెట్టామో, దానికి మా అర్జీ పుణ్యాన పచ్చజెండా ఊపారు.

చివరికి ప్రజాభిప్రాయ సేకరణ అని చాటింపు వేశారు. అది కాగానే ఫైలు రాజధానికి వెళుతుంది. అక్కడ సంతకమైతే సముద్రం శాశ్వతం. సేకరణ జరిగే రోజు ఉదయం మా సంఘం లాకుల రేకుల షెడ్డులో అత్యవసరంగా కూడింది. నీళ్ళు లేని ఊళ్ళో అందరూ నీళ్ళు నమిలారు.

"సెక్రట్రీ గారూ, మీరు చెప్పేయండి" అన్నారు కోదండం గారు. "మీకేం పోయింది? మీరు కూరగాయల మనిషి."

"నేను కొనలేదు కదండీ. కొన్నవాళ్ళు చెబితేనే సాక్ష్యం."

"పోనీ, ఆ చేపలే దారి తప్పి మన కాలవలోకొచ్చాయందాం" అన్నాడు ధర్మారావు.

కోదండం గారు ఆర్టీసీలో పనిచేసి రిటైరైన మనిషి. "డెబ్భై కిలోమీటర్లు, లాకులన్నీ ఎక్కి, సరిగ్గా ఆదివారం ఆదివారం వచ్చాయంటావా? సీజన్ పాసుందేంటయ్యా వాటికి?" అన్నారు. తర్వాత గొంతు తగ్గించారు. "ఇదిగో, నారు పోతే మళ్ళీ పోసుకోవచ్చు. పెళ్ళాం దగ్గర పరువు పోతే ఏ కొట్లో దొరుకుద్దండీ?"

"చేపల బజార్లో" అన్నాను నేను.

కోదండం గారు నాకేసి ఒకసారి చూసి, కండువా దులుపుకుని లేచారు.

మార్కెట్ యార్డు షెడ్డు నిండిపోయింది. మగవాళ్ళు ఒకవైపు, ఖాళీ బిందెలతో ఆడవాళ్ళు ఒకవైపు. ముందు వరసలో అట్టల ఫ్యాక్టరీ మేనేజరు. వేదిక మీద మీనాక్షయ్య గారు గొంతు సవరించుకున్నారు.

"సోదర సోదరీమణులారా, సముద్రము అందరికీ రాదు. రాజధానికి కూడా లేదు. మీకు వచ్చినది. ఇది నిన్నటిది కాదు, అనాదిగా ఉన్నదే. ఇందుకు చారిత్రక ఆధారం కలదు. మీ ఊరి పెద్దమనిషి ఇంటిపేరే కడలి!"

మేనేజరు చప్పట్లు కొట్టాడు.

కోదండం గారు లేచారు. "సార్, మా ఊళ్ళో ఏనుగు వారు కూడా ఉన్నారండి. పది గడపలు. ఊళ్ళో ఏనుగులున్నాయాండి?"

మీనాక్షయ్య గారు పక్కనున్న గుమాస్తా వైపు వంగారు. "నోట్ చేసుకోండి. అటవీ శాఖకు తెలియజేయవలెను."

"అయ్యబాబోయ్" అన్నారు కోదండం గారు. ఊరికి అడవి కూడా వచ్చేసేలా ఉంది. ఇక ఆలస్యం చేస్తే లాభం లేదని ఆయనకు తెలిసిపోయింది. ఆడవాళ్ళ వైపు చూడకుండా, షెడ్డు కప్పు వంక చూస్తూ ఒక్క గుక్కలో చెప్పేశారు.

"ఆ చేపలు కాలవలోవి కాదండి. నేను పట్టలేదు. ఒక్కటంటే ఒక్కటి పట్టలేదు. బజార్లో కొన్నాను. మా సంఘమంతా అంతే. పడ్డం మానేసి మూడేళ్ళయిందండి."

ఏదో బిందె కిందపడి దొర్లుకుంటూ పోయింది.

మీనాక్షయ్య గారు చలించలేదు. "విచారకరం. అయితే పట్టినవారి మాట ప్రమాణం కాదని ముందే చెప్పి యున్నాను."

"పట్టలేదు మొర్రో అంటుంటే పట్టినవాణ్ణంటారేంటండీ!"

"గృహ సర్వేలో నమోదైన వాస్తవమును గృహిణి మాత్రమే సవరించగలదు."

అందరి తలలూ ఆడవాళ్ళ వైపు తిరిగాయి. వీరవేణి గారు కొంగు దోపుకుని నిలబడ్డారు. కోదండం గారు కళ్ళు మూసుకున్నారు.

"ఆయన చెప్పింది నిజవేనండి" అన్నారావిడ. "బజారు చేపలే. మొదటి వారమే తెలుసు నాకు. మొప్పలు తీస్తే ఐసు ముక్కలండి. మన కాలవలో ఐసుంటుందాండి? ఒకసారైతే చందువా కడుపు ముందే కోసి శుభ్రం చేసుంది. అంత బుద్ధిగా గాలానికి పడే చేపని నేనెక్కడా చూళ్ళేదు."

షెడ్డంతా గొల్లుమంది. కోదండం గారు ఒక కన్ను తెరిచారు.

"తెలిసి కూడా శాఖకు తప్పుడు సమాచారం ఇచ్చినారా?"

"తప్పెక్కడండీ? తెచ్చుట కలదా అన్నారు, కలదన్నాను. ఎక్కణ్ణించని మీరడగలేదు. మొగుడి గుట్టు మీ జీపులో ఎక్కించడానికి నాకేం పనండీ? కాలవ పోతుందని తెలిస్తే అప్పుడే చెప్పేదాన్ని."

"మరి మూడేళ్ళు ఆయనను ఎందుకు నిలదీయలేదు?"

"ఆదివారం పొద్దున్నే ఆయన ఇంట్లో కూర్చుని, పోపు మాడింది, గిన్నె జరుపు అంటా నా వెనకాల తిరగడం కన్నా, చందువాలు కొనుక్కోడం చవకండి."

ఈసారి ఆడవాళ్ళ వైపు నుంచి బిందెల మీద దరువు లేచింది. ఆ సందట్లో రత్నావతి కూడా నిలబడింది. "మా సొర కూడా బజారుదేనండి." కొంచెం ఆగి, తలొంచుకుని, చేతులు దగ్గరికి తెచ్చింది. "ఇంతేనండి అది."

మీనాక్షయ్య గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన చెడ్డవారు కాదు. దారి ఎటు పోతే అటే పోతారు, మధ్యలో నుయ్యి వచ్చినా సరే. "అనగా, కాలువలో చేపలు లేవా?"

"లేవండి!" అంది ఊరు.

"ఎందుచేత లేవు?"

అన్ని వేళ్ళూ ముందు వరసలో కూర్చున్న మేనేజరు వైపు లేచాయి. "గొట్టం వల్లండి!"

"ఇంతటి ముఖ్య విషయమును శాఖకు ముందుగా ఎందుకు విన్నవించలేదు?"

నా చేతిరాత మీద నాకు గౌరవముంది. అందుకని లేచి, మా అర్జీలో మొదటి వాక్యం పైకి చదివాను. ఆయన రెండోసారి చదవమన్నారు. చదివాను. వేదిక మీద చాలాసేపు గుసగుసలు నడిచాయి. తర్వాత ఆయన లేచి నిలబడ్డారు.

"చేపలు లేనందున, సదరు జలము సముద్రమనుటకు ఆధారము లేదు. కావున మల్లవరప్పాడు సముద్రమును తక్షణమే ఉపసంహరించడమైనది."

మేనేజరు గాభరాగా లేచాడు. "సార్, మరి సముద్రంలోకి నీళ్ళు వదలడానికి మాకిచ్చిన అనుమతి?"

"ఏ సముద్రము?"

"అదే సార్, ఇక్కడి సముద్రం."

"ఇక్కడ సముద్రము లేదు గదా! లేని సముద్రములోనికి వదులుటకు అనుమతి ఎట్లుండును? గొట్టము తక్షణమే మూసివేయవలెను." తాను చెప్పింది ఎంత సబబుగా ఉందో చూసుకుని ఆయనే ఆశ్చర్యపోయారు. సముద్రం మంజూరు చేసిన రోజున కూడా ఆ మొహంలో ఇంత వెలుగు లేదు.

ఆ సాయంత్రమే మంచినీళ్ళ పంపుకున్న లక్క సీలు ఊడదీసి గొట్టానికి వేశారు. తూముల తాళాలు తీశారు. నీళ్ళు బోదెలో పడి నారుమళ్ళ వైపు పరుగెడుతుంటే, కోదండం గారు గట్టు వెంట వాటితోపాటే పరుగెత్తారు.

అయితే ఉత్తర్వులో ఇంకో వాక్యం ఉంది. సముద్రం ఎందుకు వచ్చిందో, ఎందుకు పోయిందో ప్రజలందరికీ కారణసహితంగా వివరించాలట. పేరు మాత్రం తీసేయించమని కోదండం గారు జీపు వెంటబడి బతిమాలారు. వివరములు లేని ప్రకటన చెల్లదన్నారు మీనాక్షయ్య గారు. మర్నాడు పొద్దున్నే ఒక ఆటో, నెత్తిన మైకు పెట్టుకుని, వీధి వీధీ తిరగడం మొదలుపెట్టింది.

"ప్రజలకు తెలియజేయునది ఏమనగా, మన ఊరిలో సముద్రము లేదు. కడలి కోదండం గారు ఆదివారములందు తెచ్చిన చేపలు బజారులో కొన్నవి. ఆయన ఒక్క చేపనూ పట్టియుండలేదు. కావున ప్రజలు కాలువ నీటిని నిర్భయంగా వాడుకొనవచ్చును."

కోదండం గారింటి ముందుకు వచ్చేసరికి ఆటో కాస్త నెమ్మదించింది. ఆయన లోపలి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. వీరవేణి గారు చెయ్యి తుడుచుకుంటూ బయటికొచ్చి, ప్రకటన ఆసాంతం విని, ఆటోని ఆపారు.

"ఏవయ్యా, ఆ నూనె గానుగ సందులోకి వెళ్ళావా? వెళ్ళు. మా ఆడపడుచు ఇల్లు అటే. 'తమ్ముడు పట్టిన చేప రుచే వేరే' అని మూడేళ్ళుగా నా ప్రాణం తీస్తోంది. ఆవిడకి కాస్త చెవుడు, అక్కడ రెండుసార్లు చెప్పు."